సొరచేప బొడ్డుతాడు

మద్రాసు రైల్లో మంచుగడ్డల మధ్య వచ్చిన సొరచేపను ఈ ఉదయం గుడియాత్తం సంతలో చేపలామె కోసింది. కడుపులో పిల్లలున్నాయి, ఒక్కొక్కటీ బొడ్డుతాడుతో సహా. పక్కనే మా బావ నిలబడి ఉన్నాడు. ఆయన మనవరాలు ప్రసవించింది. బాలింతకు పాలు పడాలని మా నేతగాళ్ల ఇళ్లలో సొర వండి పెడతారు. అందుకే కొనడానికి వచ్చాడు.

కొన్ని సొరలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయని చదివి ఒకప్పుడు నేను చెప్పాను. నిండు పెళ్లిపందిట్లో, "దానికి మంత్రసాని యాడుండాదప్పా?" అని నన్ను నవ్వులపాలు చేసింది ఈయనే. ఆ నవ్వు ఈనాటికీ నా చెవుల్లో ఉంది.

"చూడు బావా, బొడ్డుతాడు! ఆపొద్దు మంత్రసాని యాడుండాదని అడిగినావే?" అన్నాను.

"నేనా? ఎప్పుడప్పా?" అన్నాడు. నిజంగానే గుర్తులేదు. ఆ పిల్లల్నే చూస్తూ చేపలామెతో, "కప్పెయ్యమ్మా. కడుపుతో ఉండేదాన్ని బాలింతింటికి ఎట్ల ఎత్తుకుపోయేది?" అని ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు.

గెలిచాను. ఓడినవాడికే ఆ సంగతి తెలియదు. మీలో ఎవరికైనా ఇలాంటి గెలుపు దక్కి ఉంటే, మన పఠనమందిరం గోడకున్న ఈ పలక మీద దీని కిందే రాయండి.