సార్‌కు లెక్కలు నేర్పిన రోజులు

నా చదువు ఏడో తరగతిలో ఆగినప్పుడు బడి హమ్మయ్యా అని ఊపిరి పీల్చుకుందని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. మొన్న తల్లాడలో బీడీలు చుట్టే తునికాకు లారీ పక్కన ఆగితే, ఆ ఎండుటాకు వాసనకు మూడో తరగతి గుర్తొచ్చింది.

ఆ ఏడు మా అడవి ఊరి బడికి కొత్త సార్ వచ్చాడు. మమ్మల్ని బోర్డు దగ్గర నిలబెట్టి, తాను చాప మీద కూర్చునేవాడు.

"తునికాకు కట్టకు ఎన్ని ఆకులు? నాలుగు కట్టలకెన్ని? నాకు చెప్పుండ్రి" అనేవాడు.

పాపం, సార్‌కు లెక్కలు రావనుకున్నాను. యాభై ఆకులు పేర్చి, నారతో కట్టి, ఓపిగ్గా నేర్పాను.

ఒకరోజు తనిఖీకి పెద్ద సార్ వచ్చాడు. మా సార్ నౌకరి పోతుందని నాకు భయం పట్టుకుంది. పెద్ద సార్ నోరు తెరవకముందే లేచాను.

"మా సార్‌ను ఏం అడగకుండ్రి. ఆయనకేం రాదు. మేమే నేర్పుతున్నం, జర టైమియ్యుండ్రి."

పెద్ద సార్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, మా సార్ భుజం తట్టాడు. పిల్లలతోనే చెప్పించడం మా సార్ పద్ధతని నాకు మీసాలొచ్చాక గానీ తెలియలేదు.

ఈమధ్య మా సార్ వైరాలో కనిపిస్తే, "ఆరోజు మీ నౌకరి నేనే కాపాడిన సార్" అన్నాను.

"అవ్ రా. పెద్ద సార్ నీ మాట విన్నంకనే, మిగతా పంతుళ్లకు గూడ నేర్పుమని నన్ను జిల్లాలన్నీ తిప్పిండ్రు. ఎన్నో బళ్లల్ల పిల్లల్ని సార్లను చేసిన. అందరికన్నా ముందు రిటైరైంది మాత్రం నువ్వే!"