రాజబాబు మామయ్య తిప్పుకున్న చెంప

ఎవరి జలుబైనా మా పసిపాపకి అంటుకుంటే? ఇంత చిన్న ఊపిరితిత్తులు తట్టుకుంటాయా? నేను చదివింది సూక్ష్మజీవశాస్త్రం, అందుకే భయం ఇంకా ఎక్కువ. బర్మాలో మేముండే ఈ తాకేటా పేటలో మా ఎదురింటి బర్మా అవ్వ రోజూ వచ్చి, పాప బుగ్గకి ముక్కు ఆనించి గట్టిగా వాసన పీలుస్తుంది. ఇక్కడ పెద్దవాళ్ల ముద్దు అదే. వద్దని చెప్పడానికి నోరు రాక, మొన్న ఆవిడ వంగగానే పాపని లాగేసుకున్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. వెనుదిరిగి వెళ్లిపోయింది.

పక్కింటి రాజబాబు మామయ్య అది చూసి, మా ఇంటికొచ్చి తన సంగతొకటి చెప్పాడు.

మామయ్య కారు డ్రైవరు. లూసియా అనే బ్రెజిల్ ఆవిడ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. వాళ్ల వైపు కలిసినా, సెలవు తీసుకున్నా చెంపకి చెంప ఆనించి గాలిలో ముద్దు చప్పుడు చేస్తారట. "పెదవి తగల్దు. మన దండం లాంటిదే" అని మాకు చెప్పిందీ మామయ్యే. ఆయనతో మాత్రం ఆవిడ చేయి కలిపేది, అంతే.

మామయ్య తన మనవరాలికి చెవులు కుట్టించిన రోజు లూసియా భోజనానికి వచ్చింది. ఆ వారమే దేశం వదిలి వెళ్లిపోతోంది. బయలుదేరుతూ, కళ్లు తుడుచుకుని, మామయ్య భుజం పట్టుకుని చెంప దగ్గరికి తెచ్చింది. మన వాళ్లంతా భోజనాల బంతిలో ఉన్నారు. మామయ్య ముఖం తిప్పేసుకుని వెనక్కి గెంతాడు.

"ఏటి మావా, కొత్త పెళ్లికొడుకులాగ ఆ సిగ్గేటి!" అని బంతిలోంచి మేనల్లుడు కన్నారావు అరిచాడు. "అత్త సూడట్లేదులే!"

బంతంతా నవ్వింది. ఆవిడా నవ్వబోయింది గానీ, చెవుల దాకా ఎర్రబడిపోయింది.

విమానాశ్రయానికి మామయ్యే తీసుకెళ్లాడు. అక్కడ, సాగనంపడానికి వచ్చిన తన ఇంటి వంటమనిషికీ తోటమాలికీ కూడా చెంప ఆనించింది. ఆయన దగ్గరికి వచ్చేసరికి దూరంగానే ఆగి, చేతులు జోడించింది.

ఇది చెబుతున్నంతసేపూ మామయ్య నా వైపు చూడలేదు.

"నవ్వుతారని బయపడి, మంచి మనిషిని నలుగుర్లో సీ కొట్టినట్టు సేసినాను. ఆవిడ నంబరుంది. మెసేజీ ఏటని పెడతాను?"

అప్పుడు నా వైపు తిరిగి అన్నాడు. "ముకం దగ్గరికొచ్చాక తప్పుకోకు తల్లీ. గుమ్మంలోనే సెప్పీ. వొద్దని వొదిలీకు, ఎలాగైతే బాగుంటాదో అదీ సెప్పు."

మర్నాడు నేనే అవ్వ గుమ్మానికి వెళ్లాను. తప్పైపోయిందన్నాను. పాపని వెనక్కి తిప్పి పట్టుకుని, "అవ్వా, బుగ్గ వద్దు. జుట్టు మీద" అన్నాను. అవ్వ వంగి, ఆ జుట్టులో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. ఇప్పుడు ఎవరొచ్చినా గుమ్మంలోనే చెబుతున్నాను.