వదిన చేతి సంగటి

2022లో నేను అనంతపురంలోని ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. కోర్టు పంపే రోగులు కూడా మా దగ్గరికి వచ్చేవారు. నేరమూ మనోవ్యాధీ ముడిపడిన ఇలాంటి కేసులను చూసే శాఖను ఫోరెన్సిక్ సైకియాట్రీ అంటారు.

అలా వచ్చినవాడే ఓబులేసు, గోరంట్ల వైపు గొర్రెల కాపరి. అన్నే వదిన చేత తన రాగిసంగటిలో విషం కలిపిస్తున్నాడని చెవిలో ఎవరో అంటున్నట్టు వినిపించేది. ఒకరోజు అది నమ్మి అన్న నాగన్నను కట్టెతో కొట్టాడు. నాగన్న చెయ్యి విరిగింది. జబ్బుతో చేసిన పని కనుక కోర్టు శిక్ష వేయకుండా చికిత్సకు పంపింది. మందులతో ఆ గొంతులు ఆగాయి. కానీ ఇంటికి పంపాలంటే అయినవాళ్లు ఎవరైనా పూచీ పడాలి. అతనికున్నది ఆ అన్న ఒక్కడే.

నా పని సైకోథెరపీ, అంటే మాటలతో చేసే వైద్యం. ఓబులేసేమో నోరు విప్పడు. జబ్బు సంగతి పక్కనబెట్టి, గొర్రెకు రోగం వచ్చేముందు ఎట్లా తెలుస్తుందని అడిగాను. మేత ముట్టదని, మందలో కలవదని ఉత్సాహంగా చాలాసేపు చెప్పాడు.

"మరి నీకు వచ్చేముందు?" అన్నాను.

"నిద్ర పట్టదు మేడమ్. ఆ తర్వాత కూడు చేదనిపిస్తాది."

అక్కడి నుంచి మా పని సాగింది. కొన్ని నెలలకు నాగన్నను, అతని భార్యను పిలిపించాను. నాగన్న తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చున్నాడు. ఓబులేసు తల వంచుకునే తప్పు ఒప్పుకున్నాడు.

"నిద్ర పట్టకున్నా, కూడు చేదనిపించినా ముందు నీకే చెప్తా అన్నా. నన్ను ఈడికి పిల్చుకోని రా."

నాగన్న భార్య వైపు చూశాడు. "కూడు చేదంటే ఎట్ల నమ్మేదప్పా? మీ వదిన చేసిన సంగటి నాకూ అట్లనే ఉంటాది."

ఆమె మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఓబులేసు నవ్వడం నేను చూసింది అదే మొదలు. నాగన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. భయం లేకపోలేదని, అయినా తమ్ముడు ముందే చెప్తానన్నాడు కాబట్టి తీసుకుపోతానని అన్నాడు. కోర్టు అనుమతి రాగానే తీసుకుపోయాడు కూడా.

మరుసటి ఏడు, మళ్లీ చూపించుకోవాల్సిన గడువుకు ముందే అన్నదమ్ములిద్దరూ వచ్చారు. నిద్ర పట్టడం లేదని ఓబులేసే అన్నకు చెప్పాడట. డాక్టరు మందు మార్చారు, జబ్బు తిరగబెట్టలేదు.

అప్పటినుంచి, నేరం చేసి వచ్చిన రోగిని "ఎందుకు చేశావు" అని ముందుగా అడగడం మానేశాను. జబ్బు మళ్లీ వస్తే నీకెట్లా తెలుస్తుంది, తెలిస్తే ఎవరికి చెప్తావు అని అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకు ఒక మనిషి పేరు వచ్చిందంటే సగం వైద్యం అయినట్టే.