యల్లమంద ఎడమకాలు

వెల్దుర్తి పక్క ఊళ్లో యల్లమంద ఇల్లెక్కడని అడిగితే ఏ యల్లమంద అంటారు. సుధాకర్ బండి తోలే యల్లమంద అంటే మాత్రం చంటిపిల్లలు కూడా చూపిస్తారు. ఆ పేరు అతనికి పొలం వల్ల రాలేదు, చదువు వల్ల రాలేదు. ఎడమకాలి వల్ల వచ్చింది.

సుధాకర్ ఆ ఊళ్లో ఒక పార్టీకి పెద్ద. ఆయన్ని చంపి తీరతామని అవతలి పార్టీ వాళ్లు టీ కొట్టు దగ్గర కూర్చుని మరీ చెబుతారు. ఈయనా వాళ్ల గురించి అంతకు తక్కువేమీ చెప్పడు. రెండు వైపులా తలలు పగిలాయి, గడ్డివాములు తగలబడ్డాయి, కాపు మీదున్న మిరపచేలు తెల్లారేసరికి నేలమట్టమయ్యాయి. ఏం సాధించారయ్యా అంటే ఇప్పటికీ చెప్పగలిగినవాడు లేడు. అలాంటి మనిషికి బండి తోలడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవడమే.

ఒక ఏడాది సుధాకర్ గేర్లు మార్చే పని లేని పాత డీజిల్ బండి కొన్నాడు. ట్రాక్టర్ మీద పెరిగిన యల్లమందకి క్లచ్చి లేని బండి నచ్చలేదు. నరసరావుపేటలో మెకానిక్ అక్రం దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, “ఎడంకాలికి పని లేకుండా చేశారు భాయ్” అని సణిగాడు.

అక్రం నవ్వాడు. “పని నేను చెప్తా. ఎడంకాలు బ్రేకు మీద గట్టిగా నొక్కిపెట్టు. కుడికాలితో యాక్సిలరేటర్ తొక్కు. బండి కదలదు, ఇంజిను మాత్రం లేచిద్ది, ఇంజినుకి బలమిచ్చే టర్బోలో గాలి నిండుద్ది. మామూలుగా తొక్కితే ఆ టర్బో నిద్ర లేవటానికి కాసేపు పట్టిద్ది. ఇట్టా చేస్తే ముందే లేచి కూచ్చుంటది. ఇంక ఎడంకాలు తీశావనుకో, నువ్వే చూస్తావు. కొత్త బండ్లు రెండూ కలిపి తొక్కనీయవు. ఇది పాతది కాబట్టి ఒప్పుకుంటది. ఎక్కువసేపు మాత్రం పట్టుకోమాక, గేరుబాక్సు ఆయిలు ఉడికిపోద్ది.”

యల్లమంద అక్కడే తొక్కి చూశాడు. బండలాగుడు పందెంలో ముక్కుతాళ్లు బిగబట్టిన ఎడ్లలా బండి నిలువెల్లా వణికింది. ఎడమకాలు తీయగానే ఒక్క దూకు దూకింది. తల వెనక్కి కొట్టుకుంది. అతనికి ఆ బండి మీద మనసు పడింది.

ఆ విద్య అక్కరకు రావడానికి ఎన్నాళ్లో పట్టలేదు. మాచర్ల రోడ్డులో పట్టపగలు కంపలు అడ్డంపెట్టి కాశారు. యల్లమంద భయపడ్డవాడిలా బండి ఆపాడు. వేటకొడవళ్లు పట్టుకుని అద్దాల దాకా వచ్చారు. అప్పటికే అతని రెండు కాళ్లూ వాటి పని మీద ఉన్నాయి. ఎడమకాలు తీశాడు. ఎదురుగా బండరాయి ఎత్తి నిలబడ్డ అవతలి పార్టీ మనిషి ఏసోబు పక్కకి జరగలేకపోయాడు. చక్రం కింద అతని మోకాలు నలిగిన చప్పుడు యల్లమందకి సీటు కింద నుంచి వినపడింది.

గుంటూరులో ఏసోబుకి ఆ కాలు తీసేశారు. సుధాకర్ తన వేలి ఉంగరం తీసి యల్లమంద వేలికి తొడిగాడు. ఏసోబూ తనూ చిన్నప్పుడు ఒకే చేలో పత్తి తీశారన్న సంగతి యల్లమందకి గుర్తు రాక కాదు. గుర్తొచ్చినప్పుడల్లా ఉంగరం వైపు చూసుకునేవాడు.

రెండోసారి ఆ ఎత్తు పారలేదు. అవతలి వాళ్లు ఈసారి బండి వెనక ఒకణ్ణి పెట్టారు. యల్లమంద బ్రేకు పట్టగానే వాడు, “ఎర్రలైటు ఎలిగింది, పక్కకి దూకండిరా” అని కేక పెట్టాడు. ముందున్నవాళ్లు దూకేసి రాళ్లు కురిపించారు. అద్దం పగిలి సుధాకర్ భుజం చీరుకుపోయింది.

“నీ ఎడంకాలు ఎప్పుడు లేచిద్దో ఊరంతా తెలిసిపోయిందిరా” అని సుధాకర్ ఒంటికాలి మీద లేచాడు. ఆ మాట యల్లమందకి చెంపదెబ్బలా తగిలింది. ఆ సాయంత్రమే బండి వెనక బ్రేకులైటు బల్బులు రెండూ పీకాడు, వెనకద్దం మీద ఉన్న చిన్న లైటు వైరు లాగేశాడు. బల్బులు జేబురుమాలులో చుట్టి డాష్‌బోర్డు అరలో పడేశాడు. బండి ఆగుతోందని వెనక వచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుందన్న ఆలోచన అతనికీ వచ్చింది. వెనక వచ్చేది మనవాళ్లేగా, చూసుకుంటారులే అనుకున్నాడు. పగ పెంచుకున్నవాడి బుర్ర అంతవరకే పనిచేస్తుంది మరి.

అతని అక్క హనుమాయమ్మకి భర్త లేడు. ఒక్కగానొక్క కొడుకు వెంకట సాయి పాలిటెక్నిక్ పూర్తిచేసి, నీలం రంగు బైకు కొనుక్కుని, సుధాకర్ బండి వెనక తిరుగుతానని మొండికేశాడు. హనుమాయమ్మ తమ్ముడి ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడింది.

“వొద్దని చెప్పరా వాడికి. నీ మాటైతే ఇంటాడు.”

“ముందు పోయేటోళ్లకే అక్కా ముప్పు. వాణ్ణి నా బండి ఎనకమాలే ఉండమంటా. నా ఎనక ఉన్నోడికి ఏం కాదు.”

“వాడికేమన్నా అయితే నిన్నే అడుగుతా.”

“అడుగక్కా.”

ఆ మాట ఇచ్చినప్పుడు యల్లమంద నిజంగానే ఇచ్చాడు. మేనల్లుడంటే అతనికి ప్రాణం.

కోర్టు వాయిదాకి మాచర్ల బయల్దేరిన ఆ పొద్దున సాయి తన బైకు మీద మామ బండిని అంటిపెట్టుకునే వచ్చాడు. మలుపు తిరగగానే కంపలు, రాళ్లు, కర్రలు పట్టిన మనుషులు. యల్లమంద ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు యాక్సిలరేటర్ మీద ఒక్కసారే పడ్డాయి. బండి నిలబడి రంకె వేసింది. అదే క్షణంలో వెనక ఢామ్మని పెద్ద చప్పుడైంది. బండి అదిరింది.

“బాంబేశార్రా, తియ్యి” అని సుధాకర్ అరిచాడు.

యల్లమంద ఎడమకాలు తీశాడు. బండి కంపల మీంచి లేచింది. ఒకడు బానెట్ మీద పడి దొర్లిపోయాడు. పైకప్పు మీద కర్రలు పడ్డాయి, అద్దాలు పగిలి ఒళ్లో పడ్డాయి. నెత్తురు కారుతున్న నుదుటితో అతను మాచర్ల దాకా ఎక్కడా ఆపలేదు. వెనక్కి చూడలేదు.

సాయి రోడ్డు మీద చచ్చిపడి ఉన్నాడని ఫోను అక్కడికొచ్చింది.

యల్లమంద తూలుకుంటూ బండి వెనక్కి వెళ్లాడు. వెనక తలుపు కుడివైపు లోపలికి పోయింది. నొక్కుకుపోయిన రేకు మీద నీలం రంగు, నెత్తురు, అంటుకున్న జుట్టు. బాంబు మసి ఎక్కడా లేదు. అతనికి మొత్తం అర్థమైంది.

సుధాకర్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. “వాళ్లే కర్రలతో తలమీద కొట్టి చంపారు. నువ్వు కళ్లారా చూశావు. ఏసోబు కొట్టాడని చెప్పు. ఒక్క దెబ్బతో వాళ్ల పీడ పోద్ది.”

“ఏసోబుకి కాలు లేదన్నా.”

“చెయ్యుందిగా.”

సాయంత్రానికి ఆ అబద్ధం ఊరంతా నిజమైపోయింది. హనుమాయమ్మ గొడ్డలి పట్టుకెళ్లి ఏసోబు ఇంటి తలుపు నరికింది. అడ్డమొచ్చిన అతని భార్య సారమ్మ చెయ్యి తెగింది. ఏసోబు ఎలాగో చేలల్లోకి పాకి తప్పించుకున్నాడు. “వాడి తల తెగిందాకా నా కొడుక్కి కర్మ చెయ్యను” అని హనుమాయమ్మ నడిబజార్లో ఒట్టు పెట్టుకుంది. సుధాకర్ కుర్రాళ్లు కొడవళ్లు నూరుకుని చేలు గాలించడానికి తయారయ్యారు. చెయ్యని హత్యకి కాలు లేని మనిషి చావబోతున్నాడు. ఆపగలిగినవాడు ఒక్క యల్లమందే.

మర్నాడు సాక్ష్యం రాయించుకోవడానికి స్టేషనుకి పిలిచారు. బండి అక్కడే ఆవరణలో ఉంది. హనుమాయమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. సుధాకర్ ఎస్సై పక్కన కుర్చీలో ఉన్నాడు. దారికి అడ్డంగా ఉంది, బండి కాస్త పక్కకి తియ్యమని కానిస్టేబుల్ తాళం ఇచ్చాడు. యల్లమంద ఎక్కి కూర్చుని కిటికీలోంచి పిలిచాడు.

“అక్కా, బండి ఎనక్కొచ్చి నిలబడు.”

ఆమె ఎందుకో తెలియకుండానే వచ్చి నిలబడింది. యల్లమంద ఎడమకాలితో బ్రేకు తొక్కాడు.

“ఎర్రలైటు ఎలిగిందా?”

“లేదు. ఏందిరా ఇది?”

“దిగరా” అని సుధాకర్ కుర్చీలోంచి లేచాడు. ఎస్సై చెయ్యి అడ్డంపెట్టి, “ఉండనీండి” అన్నాడు.

యల్లమంద అరలోంచి జేబురుమాలు తీసి, దిగి, పగలకుండా మిగిలిన ఎడమవైపు లైటులో బల్బు పెట్టాడు. మళ్లీ ఎక్కి తొక్కాడు.

“ఇప్పుడు?”

“ఎలిగింది.”

“నిన్న ఇది అరలో ఉందక్కా. సాయి నా ఎనక ఉన్నాడు. నేను ఆగానని వాడికి తెలియలా. ఎవరూ కొట్టలా వాణ్ణి. ఏసోబు అక్కడ లేనే లేడు. వచ్చి గుద్దుకుంది నా బండినే. నేనే చంపుకున్నా.”

హనుమాయమ్మ వెలుగుతున్న లైటు వైపు చూసింది. కింద రేకు మీద ఎండిన కొడుకు నెత్తురు వైపు చూసింది. తర్వాత ముందుకొచ్చి తలుపు లాగి, చెప్పు తీసి తమ్ముణ్ణి మొహం మీద, తల మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. నుదుటి కట్టు ఊడి మళ్లీ నెత్తురు కారింది. ఎవరూ ఆపలేదు. ఆమె కొడుతున్నంతసేపూ యల్లమంద ఎడమకాలు బ్రేకు మీద నుంచి తియ్యలేదు. వెనక లైటు వెలుగుతూనే ఉంది.