చిన్నమ్మ పేరున వచ్చిన పార్సిళ్లు

మా చిన్నమ్మ పోయిన మంగళవారం చనిపోయింది. వరంగల్ కొత్తవాడలోని వాళ్ల ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నవాళ్లలో ఒకాయన, "పాపం, మొగుడు, మగ్గం తప్ప ఆమెకు లోకం తెల్వదు. ఆయన గూడ ఏ లోటు రానియ్యలే" అన్నాడు. ఆమె భర్త, మా కాక, పక్కనే కూర్చుని తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను.

చిన్నమ్మకు లోకం తెలుసు. డెబ్బైల్లో ఒక వారపత్రికలో కలం స్నేహం శీర్షిక చూసి, మదనపల్లెలోని ఒక టీచరమ్మకు ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఏడాదికి మూడు నాలుగు పార్సిళ్లు అటూ ఇటూ నడిచేవి. జంపఖానాలు నేయగా మిగిలిన నూలు పోగులతో చిన్నమ్మ అరచేయంత తివాచీలు, సూదులు గుచ్చి పెట్టుకునే బొమ్మలు చేసేది. పాత ధోతి గుడ్డలో చుట్టి, అంచులు కుట్టి, లక్క ముద్ర వేసేది. అటునుంచి ఊలు అల్లికలు, ఎండుటాకులు అంటించిన కార్డులు వచ్చేవి.

"దుకాణంల కొని పంపొచ్చు గదా" అని ఒకసారి అన్నాను.

"కొన్నది పంపితే పైసలు పోతయ్ బిడ్డా. చేసింది పంపితే నేనే జర పోయొచ్చినట్టుంటది" అంది. వరంగల్ దాటి ఎరగని మనిషి.

ఎనభైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, పార్సిళ్లు ఆగిపోయాయి. చిన్నమ్మ రాసిన ఉత్తరాలకూ జవాబు లేదు. "నేనేమన్న తప్పు రాసిన్నా?" అని నన్నే అడిగేది. మూడేళ్లు తనను తానే తప్పుపట్టుకుంది.

ఒక వేసవిలో టీచరమ్మే వచ్చింది. గడపలోనే చిన్నమ్మ భుజాలు పట్టుకుని, "బతికే ఉండావా తల్లీ!" అని ఏడ్చేసింది. సంచిలోంచి నాలుగు పార్సిళ్లు తీసింది. ఒక్కదానికీ కుట్టు విప్పలేదు. అన్నింటి మీదా 'తీసుకోలేదు' అని రాసి ఉంది.

తిప్పి పంపింది మా కాకేనని అప్పుడు బయటపడింది. పోస్టు చేస్తానని చిన్నమ్మ ఉత్తరాలు తీసుకుని చించేసిందీ ఆయనే. కడుపుతో ఉన్నప్పుడు అంతసేపు మగ్గం మీద కూర్చోవద్దని టీచరమ్మ రాసిన ముక్క చదివి ఆయనకు పౌరుషం వచ్చిందట.

అడిగితే, "నా ఇంటి సంగతులు ఎవలో చెప్పుడేంది?" అన్నాడు.

మా నాయనమ్మ, "పోనియ్యి బిడ్డా, మొగోడు ఏదో కోపంల చేసిండు" అంది. ఆ 'పోనియ్యి' ఇప్పటికీ నా చెవిలో గుచ్చుకుంటోంది. మూడేళ్లు ఎక్కడికి పోనివ్వాలి?

చిన్నమ్మ ఏడవలేదు. "వీటి మీద నీ పేరున్నదా? నా పేరున్నది. నాకొచ్చింది వద్దనెటందుకు నువ్వెవలు?" అంది.

మర్నాడు టీచరమ్మను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లింది. తన పేరున వచ్చినవి తన చేతికే ఇవ్వాలని కాగితం రాసిచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అలాగే అందుకుంది. కాక మాత్రం తప్పయిందని ఏనాడూ అనలేదు. ఆ మనిషినా, ఏ లోటూ రానివ్వలేదని మెచ్చుకునేది!

పోస్టాఫీసు నుంచి వచ్చిన సాయంత్రం చిన్నమ్మ ఆ నాలుగూ విప్పింది. ఒకదాంట్లో, పుట్టబోయే బిడ్డకని అల్లిన పచ్చటి ఊలు టోపీ ఉంది. ఆ బిడ్డకు అప్పటికి మూడేళ్లు. తలకు పెట్టి చూస్తే నడినెత్తి మీదే ఆగిపోయింది. పిల్ల నవ్వుతూ లాగి పడేసి పరుగెత్తింది. చిన్నమ్మ ఆ టోపీని పిడికిలికి తొడుక్కుని, రెండో చేత్తో మెల్లగా నిమురుతూ చాలాసేపు కూర్చుంది.