గుండె దారికొచ్చిన ఏడాది

తొర్రూరు రూటులో కండక్టరుగా ఏళ్లు గడిపినదాన్ని. పత్తి ఏరే కూలీలతో కిక్కిరిసిన బస్సులో నిలబడి టికెట్లు కొట్టడం నాకు అలవాటైన పని. అలాంటిది ఆ ఎండాకాలం పోయాక ఏమైందో గానీ, టికెట్ మిషన్ పట్టుకున్న చేయి వణకడం మొదలైంది. కడుపునిండా తింటున్నా జాకెట్లు వదులైపోయాయి. ఉన్నట్టుండి గుండె తడబడేది. గబగబా కొట్టుకుని, కాసేపు ఆగినట్టుండి, మళ్లీ ఉరికేది.

మా అత్త దిష్టి తీసింది. తోటి కండక్టర్లు "ఊకె ఫికర్ చేస్తవక్కా, అందుకే గట్లయితాంది" అన్నారు. నేనూ అదే నమ్మాను. ఒకరోజు వర్ధన్నపేట దాటాక కళ్లు తిరిగి కూలబడ్డాను. డ్రైవరన్న బస్సు పక్కకు ఆపి, "ఇగ నీ మాట ఇనేది లేదు చెల్లే, దవాఖానకు పోవుడే" అన్నాడు.

హన్మకొండలో డాక్టరమ్మ ఈసీజీ తీయించి, గుండె లయ తప్పిందని ఆ గీతల్లో చూపించింది. నాకు ఏడుపు ఆగలేదు. "నా గుండె ఖరాబైందా మేడం?"

"జర ఆగమ్మా, రక్తం ఏం చెప్తదో చూద్దాం" అని పరీక్షలు రాసింది.

రిపోర్టుల్లో థైరాయిడ్ హార్మోన్ బాగా ఎక్కువుంది. గుండె మీద భారం పడితే గుండే రక్తంలోకి వదిలే మరో హార్మోన్ ఉంటుందట. అదీ పెరిగింది. అయినా డాక్టరమ్మ ముఖం విప్పారింది.

"నీ గుండెను ఉరికిస్తాంది గొంతుల ఉన్న గ్రంథి. దాన్ని అదుపుల పెడితే గుండె కూడా దారికొస్తదని నా నమ్మకం. మందులు మాత్రం ఒక్కపూట తప్పొద్దు."

నెలల తరబడి మాత్రలు మింగాను. సెలవులో ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కినట్టుండేది. జంపఖానాలు నేసే నా భర్త మగ్గం పక్కన పీట వేసి, "ఈడ కూసొని ముచ్చట చెప్పు" అనేవాడు. మెల్లగా వణుకు తగ్గింది. చెంపలు నిండాయి.

మళ్లీ పరీక్షకు రక్తం ఇచ్చినప్పుడు రెండు హార్మోన్లూ దిగివచ్చాయి. ఈసీజీ కాగితం మీద గీతలు ఒకే ఎడంతో, ముగ్గు చుక్కల్లా సమంగా పడ్డాయి. "ఇగ బస్సెక్కు" అని నవ్వింది డాక్టరమ్మ. ఆ కాగితాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించాను.

డ్యూటీలో చేరిన కొద్దిరోజులకే మేడారం జాతర స్పెషల్ పడింది. ములుగు దాటేసరికి బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఒళ్లో మొక్కు బెల్లం ముద్దలు, భుజాన పిల్లలు, తల్లులకు జేజేలు. నేను ఆ జనంలోంచి దారి చేసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు టికెట్లు కొట్టాను.

"జరసేపు ఆగుదమా చెల్లే?" అద్దంలో చూస్తూ అడిగాడు డ్రైవరన్న.

"ఎందుకే అన్నా! పోనియ్, రైట్ రైట్!" అని బస్సంతా వినబడేలా కేక వేశాను.