అమ్మ పూడ్చనన్న గుంత

బోరబండ వెనకాల మా బస్తీకి డ్రైనేజీ వస్తుందని మీటింగులో చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, మా అమ్మ తప్ప. పాలు తెల్లగా ఎందుకున్నాయని అడిగే మనిషి ఆమె. నాకూ ఆ గుణమే వచ్చింది.

తొంభైల చివర్లో హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులు. ఆడవాళ్ళం చీకటి పడ్డాక వెళ్ళే బండల చుట్టూ ఒక ఆఫీసువాళ్ళు ప్రహరీ కట్టేశారు. ఇళ్ళలో లెట్రిన్లు కట్టుకుందామంటే నీళ్ళు పోయే దారి లేదు. అమ్మ పొద్దంతా కడుపు బిగబట్టుకుని, చీకటి పడ్డాక ఎంతో దూరం నడిచేది.

పైపు సర్కారుది, కష్టం మాది. ఎవరింటి ముందు గుంత వాళ్ళే తవ్వాలి, పైపు వేశాక వాళ్ళే పూడ్చాలి. శ్రమదానం అన్నారు. అంతా రాతినేల, మా అరచేతులు బొబ్బలెక్కాయి. పైపు దింపిన రోజు అమ్మ అందులోకి తొంగి చూసి, మన గల్లీకి ఇంత లావు పైపెందుకని అడిగింది. నువ్వు పడుకోవడానికే తెచ్చారని పక్కింటి పెద్దమ్మ నవ్వింది. అమ్మ నవ్వలేదు. పైపు ఎగువ కొస ఆ ప్రహరీ కిందకే పోతోంది మరి.

ఇంజనీరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. ఇళ్ళకు కనెక్షన్లు ఎప్పుడని అమ్మ అడిగితే, ముందు పూడ్చెయ్యండమ్మా, అవి తర్వాత చూద్దామండి అన్నాడు. పైగా ఆ ఆఫీసుకూ దీనికీ ఏ సంబంధమూ లేదన్నాడు. ఆఫీసు ఊసు మేమెవరం ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అదే.

“మా ఇంటి ముంగట గుంత మేమే తవ్వినం సార్. ఎప్పుడు పూడ్వాల్నో గూడ మేమే చెప్తం” అని అమ్మ పార పక్కన పెట్టుకుని గడపలో కూర్చుంది.

ఏరు దాటాక తెప్ప తగలేస్తారని ఇంటింటికీ చెప్పింది. ఒక్కో ఇల్లూ పార దించింది. బస్తీనే లేపేస్తారేమోనని నాకు మాత్రం భయమే. కానీ ఆ ఆఫీసు మేడ కట్టడానికి ఇసుక, సిమెంటు లారీలు మా గల్లీలోంచే పోవాలి. గుంతలు తెరిచి ఉంటే ఒక్కటీ కదలదు. కొన్నాళ్ళకు ఇంజనీరే చిన్న పైపులు తెచ్చి ప్రతి ఇంటికీ కలిపించాడు. అప్పుడు పూడ్చాం.

లెట్రిన్ కట్టుకున్నాక కూడా అమ్మకు నమ్మకం కుదరలేదు. బకెట్లో నీలిమందు కలిపి అందులో పోసి, నన్ను గల్లీ దిగువన మూత తీసిన మ్యాన్‌హోల్ దగ్గర నిలబెట్టింది. నీలం నీళ్ళు వచ్చాయని చెప్తే, తనే వచ్చి వంగి చూసింది. ఇంటికి తిరిగింది. మిట్టమధ్యాహ్నం, గల్లీ నిండా జనం. అందరి ముందునుంచే లెట్రిన్లోకి వెళ్ళి తలుపేసుకుంది. బయట నిలబడి నేను ఏడ్చాను.